బండి ఎవరి ఎత్తుకి?

హలో, అందరికీ వినపడుతోందా? బాగున్నారా? తీరిగ్గా కూర్చోండి. కూరగాయలు తరుగుతున్నవాళ్ళు తరుగుతూనే వినండి, ఏం ఫర్వాలేదు. ఇవాళ ఒకావిడ గురించి చెప్తాను. పేరెందుకు లెండి. రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని ఆవిడకి. ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకొస్తుంది. పేషెంట్లందరూ ప్రేమగా సూదమ్మా అని పిలుస్తారు. ఇంట్లో మాత్రం పొట్టీ అంటారు.

ఆ పొద్దున సూదమ్మ వంటింట్లో పీట ఎక్కి పై అరలో ఉన్న పంచదార డబ్బా అందుకుంటోంది. హాల్లోంచి మొగుడు కేకేశాడు.

"పొట్టీ, నా సాక్సులేవీ?"

"మీరు కూర్చున్న కుర్చీ చేతి మీదే ఉన్నాయండీ."

"ఆ... దొరికాయి దొరికాయి."

ఆ ఇంట్లో ఏదీ ఆవిడ ఎత్తుకి ఉండదు. వంటగట్టు అత్తగారు నిలబడి చేసుకునే రోజుల్లో ఆవిడ ఎత్తుకి కట్టించింది. పొయ్యి మీద గిన్నెలో ఏం ఉడుకుతోందో చూడాలంటే సూదమ్మ మునివేళ్ళ మీద లేవాలి. బట్టలు ఆరేసే తీగ మొగుడు చెయ్యెత్తి కట్టింది. ఆరేసేది మాత్రం ఆయన కాదు. తడి దుప్పటి దాని మీదకి విసిరితే సగం మొహం మీద పడుతుంది. పడగ్గదిలో అద్దం కూడా అంతే, ఆయన తల దువ్వుకునే ఎత్తులో ఉంటుంది. సూదమ్మకి అందులో కనపడేది పాపిడి, నుదురు, కాస్త లేస్తే కళ్ళు. కింద గడ్డం ఎలా ఉందో ల్యాబు బాత్రూములో చూసుకుంటుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగింది, అద్దం కాస్త కిందకి దించుకుందామా అని. "ఎందుకే, కొంచెం లేచి చూసుకో, అలవాటైపోతుంది" అన్నారు అత్తగారు. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. నిజంగానే అలవాటైపోయింది. మడమలు నొప్పెట్టడం కూడా అలవాటైపోయి, అది నొప్పి అన్న సంగతే మర్చిపోయింది.

ఇప్పుడొచ్చిన చిక్కేంటంటే, ల్యాబు ఓనరు కొత్త రూలు పెట్టాడు. వచ్చే నెల నుంచి సొంత బండి ఉన్నవాళ్ళే బయట తిరగాలి, లేనివాళ్ళు లోపల కౌంటర్లో టోకెన్లు ఇవ్వాలి. జీతంలో తేడా ఏం లేదు. అయినా సూదమ్మకి కౌంటర్లో కూర్చోవాలని లేదు. తిరిగే ఆ కాసేపే ఆవిడకి తనదంటూ ఉన్న టైము. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య రోడ్డు మీద ఉన్నప్పుడు అదెక్కడ, ఇదెక్కడ అని అడిగేవాళ్ళుండరు. పైగా గుట్ట మీది ఇళ్ళల్లో ఒక ముసలమ్మ ఉంది. నరం దారంలా ఉంటుంది, ఇంకెవరెళ్ళినా చెయ్యి చాపదు. సూదమ్మ వెళ్తే మాత్రం చెయ్యి ఒళ్ళో పెట్టేసి, "నువ్వు కబుర్లు చెప్తుండు తల్లీ, నేను అటు చూస్తుంటా" అంటుంది.

ఇంట్లో బండి లేక కాదు. మొగుడి మోటార్‌సైకిల్ వరండాలో దుమ్ము కొట్టుకుపోయి పడుంది. ఆయన కంపెనీ వ్యానులో వెళ్తాడు. బండి నడపడం సూదమ్మకి పుట్టింట్లోనే వచ్చింది, నాన్న నేర్పాడు. కానీ ఈ బండి గుర్రంలా ఉంటుంది. ఎక్కితే రెండు కాళ్ళూ గాల్లోనే. ఒక పక్కకి ఒరిగితే ఆ పక్క బొటనవేలు మాత్రం నేలకి తగులుతుంది.

టిఫిన్ ప్లేటు ముందు పెట్టి మెల్లిగా అడిగింది. "ఏవండీ, బండి ఎత్తు తగ్గిస్తారట మెకానిక్ షెడ్లో. నేను వెళ్ళి చేయించుకోనా?"

"నువ్వా? గ్రీజులో, ఆ మగాళ్ళ మధ్యలో నువ్వెందుకు? నేనున్నాగా. ఆదివారం నేనే చేయించుకొస్తా."

అన్నమాట ప్రకారం ఆదివారం పొద్దున్నే తీసుకెళ్ళాడు. పాపం, మంచోడే. ఆ మాట కూడా చెప్పాలి కదా. సూదమ్మకి ఆ రోజు ఒక్క పని మీదా మనసు నిలవలేదు. గేటు చప్పుడైనప్పుడల్లా కిటికీలోంచి చూసింది.

మధ్యాహ్నం బండి గుర్రుమంటూ వచ్చింది. ఆయన మొహం వెలిగిపోతోంది. "అబ్బ, ఏం చేశాడే! గుంతలో పడ్డా తెలియట్లేదు. కొత్త బండిలా ఉంది. ఎక్కి చూడు!"

ఎక్కి చూసింది. ఇదివరకు తగిలే బొటనవేలు కూడా ఇప్పుడు తగల్లేదు.

"ఏవండీ... ఇది ఇంకా ఎత్తుగా ఉందేంటి?"

"ఎత్తా? ఛ. నీకలా అనిపిస్తోంది. మనిషిని కూర్చోబెట్టి మరీ సెట్ చేశాడు."

"ఎవర్ని కూర్చోబెట్టి?"

"ఎవర్నేంటి? నన్నే. అక్కడ నేను కాక ఇంకెవరున్నారు?"

సంగతేంటంటే, బండి వెనక చక్రం దగ్గర స్ప్రింగులుంటాయి కదా, వాటిని నడిపే మనిషి బరువుకి తగ్గట్టు బిగిస్తారు, వదులు చేస్తారు. బరువు మనిషికి బిగించాలి, తేలిక మనిషికి వదలాలి. బిగిస్తే బండి లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఈయన భారీ మనిషి. పెళ్ళాం కోసం బండి తీసుకెళ్ళి, దర్జాగా తనే కూర్చున్నాడు. షెడ్డువాడు ఈయన బరువుకి బిగించేశాడు. తగ్గించుకు రమ్మంటే బండి పెరిగొచ్చింది.

సరే, సర్దుకుందాం అనుకుంది సూదమ్మ. అదే కదా అలవాటు. సాయంత్రం వీధిలోకి తీసింది. మలుపు దాకా బాగానే వెళ్ళింది. ఎదురుగా కుక్క వస్తే ఆపింది. ఆపగానే కాలు పెట్టడానికి నేల దొరకలేదు. బండీ మనిషీ కలిసి ఒక పక్కకి, మెల్లిగా, చెట్టు కొట్టేసినట్టు ఒరిగిపోయారు. దెబ్బలేం పెద్దవి కావు, మోచెయ్యి గీసుకుపోయింది. ఎదురింటి మేడ మీంచి ఎవరో కిసుక్కుమన్నారు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. "నేను చెప్పానా? బండికి తగ్గ మనిషి ఉండాలి."

మొగుడు ముందు బండికి గీత పడిందేమో చూశాడు. తర్వాత మోచెయ్యి చూశాడు. "పోనీలేవే, కౌంటర్లో హాయిగా నీడపట్టున కూర్చుంటావు. ఎందుకీ బాధ?"

సూదమ్మ లోపలికెళ్ళింది. మోచేతికి తనే మందు రాసుకుంది. పడినందుకు కాదు ఆవిడ మనసు కుంగింది. ఆయన ఆ సీటు మీద కూర్చున్నప్పుడు, ఇది నా కోసం కాదు కదా అని ఒక్క క్షణం కూడా తట్టలేదు. కావాలని చేస్తే పోట్లాడొచ్చు. తట్టనే తట్టని మనిషితో ఎలా పోట్లాడతారు? ఈ ఇంట్లో ఎవరూ తనకి చెడు చెయ్యలేదు. ఏది కొలవాల్సొచ్చినా తనని పిలవడం మాత్రం ఎవరికీ గుర్తుకు రాలేదు. అయినా ఇన్నేళ్ళలో తనైనా వెళ్ళి నిలబడిందా, ఇదిగో నన్ను కొలవండి అని? పీట తెచ్చుకుంది. పీట దొరికితే చాలనుకుంది.

మర్నాడు ల్యాబులో ఒక పూట సెలవు చెప్పి, బండి నడిపించుకుంటూ షెడ్డుకి తనే వెళ్ళింది. షెడ్డువాడు బండిని గుర్తుపట్టాడు. సంగతి విన్నాడు. విని జేబులోంచి ఫోను తీశాడు.

"ఒక్క నిమిషం మేడమ్, అన్నకి ఫోన్ చేసి అడుగుతా. నిన్ననే కదా బిగించుకెళ్ళాడు. మళ్ళీ నన్నంటాడు."

"నడిపేది ఎవరు?" అంది సూదమ్మ.

"అంటే... బండి అన్నది కదా."

"బండి ఆయనదే. నడిపేది నేను. ఫోను లోపల పెట్టి స్ప్రింగు వదులు చెయ్యి తమ్ముడూ, నేను కూర్చుంటా."

కూర్చుంది. పనికెళ్ళే చెప్పులతోనే, రక్తం సీసాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని మరీ కూర్చుంది. వాడు వెనక వదులు చేశాడు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టాలు కాస్త పైకి జరిపి బండి ముందుభాగం దించాడు. దిగమన్నాడు, ఎక్కమన్నాడు. ఇంకా దించు అంది. మళ్ళీ దించాడు. ఇంకొంచెం అంది. ఇంకొంచెం అనే మాట తన నోట్లోంచి ఇంత తేలిగ్గా వస్తుందని ఆవిడకే తెలీదు. చివరికి రెండు పాదాలూ, మడమలతో సహా, నేల మీద ఆనాయి. మునివేళ్ళ మీద లేవకుండా ఒకచోట స్థిమితంగా ఉండటం ఇలా ఉంటుందా అనుకుంది. కాసేపు ఊరికే అలాగే కూర్చుంది.

దిగి సైడ్ స్టాండ్ వేసింది. బండి ఒరగాల్సిన వైపు ఒరగకుండా నిటారుగా నిలబడి, అవతలి పక్కకి తూలింది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు.

"అయ్యో, స్టాండు సంగతే మర్చిపోయా మేడమ్. బండి దిగిందిగా, స్టాండు పొడుగైపోయింది. దీన్నీ కోసి అతకాలి."

"అంటే ఒకటి దించితే ఊరుకోదన్నమాట."

"ఊరుకోదు మేడమ్. దాని పక్కనున్నవన్నీ సర్దాలి. లైటు కూడా ఆకాశంలోకి కొడుతుంది, అదీ దించుతా."

సూదమ్మ నవ్వింది. షెడ్డులోంచి ఇంటి దాకా నవ్వుతూనే వచ్చింది.

సాయంత్రం మొగుడు వచ్చి వరండాలో ఆగిపోయాడు. "ఇదేంటే, గాడిదపిల్లలా కూర్చుందీ! నేనెక్కితే మోకాళ్ళు చెవులకి తగుల్తాయి. రేపే మళ్ళీ ఎత్తించెయ్."

"రేపు కుదరదండీ. గుట్ట మీద పని ఉంది." అంతే అని లోపలికెళ్ళింది. లోపల్నుంచి టకటకా చప్పుడు.

"ఇప్పుడెందుకే ఆ సుత్తి?" అన్నారు అత్తగారు.

"మేకు కొడుతున్నానత్తయ్యా."

మర్నాడు పొద్దున మొగుడు దువ్వెన పట్టుకుని పడగ్గదిలోకి వెళ్ళాడు. అద్దంలో చొక్కా గుండీలు కనపడ్డాయి. మెడ దాకా కనపడింది. దాని పైన ఏమీ లేదు.

"పొట్టీ! ఇందులో నా మొహం కనపడట్లేదే!"

సూదమ్మ పెట్టె భుజానికి తగిలించుకుని, ఆయన చంక కిందనుంచి అద్దంలోకి చూసింది. పాపిడి నుంచి గడ్డం దాకా మొహమంతా ఉంది. బొట్టు సర్దుకుంది.

"కొంచెం వంగండి. అలవాటైపోతుంది" అని చెప్పి, బండి తాళాలు తీసుకుని బయల్దేరింది.

ఇదీ కథ. ఫోను పక్కన పెట్టే ముందు, మీ ఇంట్లో అద్దం ఎవరి ఎత్తుకి ఉందో ఒక్కసారి లేచి చూసి రండి. చూశాక ఈ కథ ఇంకో ఇంటికి కూడా పంపించండి.