బుధవారం మనుషులు

పెద్దిరాజు తాగుడు మానేశాడని కంటోన్మెంటు క్వార్టర్సులో అందరికీ తెలిసిపోయాక, కమలాకుమారికి అభినందనలు మొదలయ్యాయి. కుళాయి దగ్గర ఒకావిడ, పాల డిపో దగ్గర ఇంకొకావిడ. పక్క క్వార్టరు పార్వతమ్మయితే చేతులు పట్టుకుని, "నీ నోములు పండాయి వదినా" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. కమలాకుమారి నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద నిలబెట్టడానికి చాలా కష్టపడింది.

అతను మానింది తన కోసం కాదు, ఆ బుధవారం మనుషుల కోసం. ఆమె గుండెలో గుచ్చుకున్న ముల్లు అదీ.

పెద్దిరాజు పటాలంలో హవల్దారు, గుమాస్తా పని. భీమవరం దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు. బబీనాలో, జమ్మూలో, ఇప్పుడు ఢిల్లీలో, ఎక్కడికి బదిలీ అయినా అతన్ని మోసింది కమలాకుమారే. రిక్షాల్లోంచి దింపింది, బూట్లు విప్పింది, వాంతులు కడిగింది, జ్వరమని ఆఫీసుకి అబద్ధపు కబుర్లు పంపింది. బతిమాలింది, తిట్టింది, వారాల తరబడి మాట్లాడటం మానేసింది. ఏదీ పనిచెయ్యలేదు. ఎనభై అయిదు చలికాలంలో రక్తం కక్కుకుంటే ఆసుపత్రిలో చేర్చారు. బయటికొచ్చాక అక్కడి డాక్టరు అతన్ని అశోకా రోడ్డుకి పంపాడు. ఒక పాత సర్కారు బంగళా వెనకగదిలో ప్రతి బుధవారం సాయంత్రం తాగుడూ మత్తుమందులూ మానినవాళ్లు, మానదలచినవాళ్లు కూర్చుని ఒకరి కథ ఒకరికి చెప్పుకుంటారు. అక్కడ సూదీ లేదు, మాత్రా లేదు. ఉత్త మాటలు. ఆ మాటలకే పెద్దిరాజు మారిపోయాడు.

ఇన్నేళ్ల తన ఏడుపుకి లేని బలం, ముక్కూ మొహం తెలియనివాళ్ల కబుర్లకి ఎక్కణ్ణుంచి వచ్చిందని కమలాకుమారి కుమిలిపోయేది.

వేసవి వచ్చేసరికి ఇంకో సంగతి తోడయింది. మానినవాళ్లలో కొందరే ఎందుకు నిలబడతారు, మిగతావాళ్లు ఎందుకు మళ్లీ జారిపోతారు, వాళ్లకి ఎలాంటి ఆసరా ఉండాలి అన్నదాని మీద పరిశోధన చెయ్యాలని డాక్టరూ, కాలేజీలో సోషల్ వర్క్ పాఠాలు చెప్పే హైమవతీ తలపెట్టారు. ఏం అడగాలో తేల్చేటప్పుడే మానినవాళ్లు తమతో సమానంగా కూర్చోవాలని హైమవతి పట్టుబట్టింది. అలా జట్టులో చేరినవాళ్లు ఇద్దరు. ఒకడు పెద్దిరాజు. రెండోవాడు త్యాగరాజు. వరంగల్ నుంచి సివిల్స్ రాయడానికి వచ్చి, స్మాక్ అనే మత్తుమందులో కూరుకుపోయి బయటపడ్డాడు. జియా సరాయ్‌లో అద్దెగదిలో ఉంటాడు.

అప్పటినుంచి పెద్దిరాజు నోట ఎప్పుడూ ఆ కబుర్లే.

"డాక్టరు గారు నా ప్రశ్న కొట్టేద్దామన్నారు కమలా. హైమవతి గారు ఊరుకోలేదు. 'మానేశాక మొదటి ఆదివారం ఏం చేశావు?' అని, అది అడగాలని నేను చెప్పిన ప్రశ్న. అందులోనే అంతా ఉందన్నారావిడ."

"మీరేం చేశారండీ, మొదటి ఆదివారం?"

"చెప్పేను కదా వాళ్లకి."

"నాకు చెప్పలేదు."

"అదా..." అని అతను చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "ఏవుంది, అలా తిరిగొచ్చేను."

కమలాకుమారి చేతిలోని చేట దబ్బున గట్టు మీద పెట్టింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం, పెద్దిరాజు ఆఫీసులో ఉండగా, హైమవతే క్వార్టరుకి వచ్చింది. కమలాకుమారి మనసులో ఆవిడకి ఎప్పుడో ఒక రూపం కట్టేసుకుంది: నున్నటి చీర, పౌడరు, సెంటు వాసన. తలుపు తీస్తే ఎదురుగా లావు కళ్లద్దాలు, నెరుస్తున్న పాపిడి, దుమ్ముకొట్టుకున్న చెప్పులు. తనకన్నా పదేళ్లు పెద్దది. దాంతో మంట చల్లారాలి. చల్లారలేదు, ఇంకా ఎక్కువైంది. అందం చూసి మగాడు పడిపోతే దాంతో ఎలాగో తలపడవచ్చు. ఈవిడ దగ్గర అతనికి దొరికేది అది కాదు.

"మీరూ మాతో కలవాలండీ కమలాకుమారి గారూ," అంది హైమవతి కాఫీ అందుకుంటూ. "ఇంట్లోవాళ్లు లేకుండా ఈ పరిశోధనకి అర్థం లేదు. ఆయన సీత గురించి చెప్పినరోజు మా గదిలో కళ్లు తడవనివాళ్లు లేరు. ఆ దుఃఖంలో సగం మీది కదా, మీరు కూడా..."

మిగతా మాటలు కమలాకుమారికి వినిపించలేదు.

సీత వాళ్ల మొదటి బిడ్డ, ఒక్కగానొక్క బిడ్డ. బబీనాలో జ్వరమొచ్చి పోయింది. పిల్ల ఒళ్లు కాలిపోతోందని తెలిసీ ఆ పూట పెద్దిరాజు క్యాంటీన్లో కూర్చుని తాగాడు. ఇంటికి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు నుంచి ఆ పేరు అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. తిట్టుకున్నప్పుడు కూడా ఎత్తలేదు. ఇద్దరికీ మధ్య మిగిలింది ఆ మౌనం ఒక్కటేనని, అదయినా తమ ఇద్దరిదేనని కమలాకుమారి అనుకుంటూ వచ్చింది. దాన్ని అతను తీసుకెళ్లి గదినిండా జనానికి పంచిపెట్టాడు.

హైమవతి వెళ్లగానే ఆమె పార్వతమ్మ ఇంటికి వెళ్లింది. పార్వతమ్మ మొగుడు ధర్మయ్య తాగడు. క్యాంటీన్ కోటాలో వచ్చే రమ్ము సీసాలు వచ్చేపోయేవాళ్ల కోసం బీరువా మీద ఉంటాయి.

"మా ఊరి నుంచి చుట్టాలొస్తున్నారు. ఒక సీసా ఇవ్వు వదినా."

పార్వతమ్మ ఆమె ముఖం వైపు చూసింది. "మీ ఇంట్లోకా? వద్దమ్మా."

"చుట్టాలకన్నాను కదా."

ఎండ ఇంకా దిగకముందే పెద్దిరాజు వచ్చాడు. బల్ల మీద సీసా, పక్కన గ్లాసు. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరికిది?"

"మీకే."

"కమలా!"

"తాగండి. తాగినప్పుడు మీకు నేనొక్కత్తినే ఉండేదాన్ని. పడిపోతే నేనే లేపాలి, ఏడిస్తే నేనే వినాలి. ఇప్పుడు నేనెందుకు పనికొస్తాను? సీత పేరు కూడా వాళ్లకే ఇచ్చేశారు కదా!"

పెద్దిరాజు ముఖం పాలిపోయింది. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అతని కళ్లు సీసా మీదికి వెళ్లడం, బలవంతాన తిప్పుకోవడం, మళ్లీ వెళ్లడం ఆమె చూసింది. ఆ క్షణంలో ఆమెకి భయం వేసింది. అయినా సీసా తియ్యలేదు.

"నేనిక్కడ ఉండలేను. ఉంటే తాగేస్తాను," అన్నాడు. "త్యాగరాజు దగ్గరికి పోతున్నాను."

బూట్లు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు. కమలాకుమారి సీసా తీసుకెళ్లి మోరీలో గుమ్మరించింది. అంత కష్టంలోనూ అతని కాళ్లు జియా సరాయ్ వైపే వెళ్లాయని వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు బుధవారం. రాత్రంతా రాని అతను ఆఫీసు నుంచి కూడా ఇంటికి రాలేదు. ఆమె బస్సెక్కి అశోకా రోడ్డులో దిగి, అడిగి అడిగి ఆ బంగళా పట్టుకుంది. మిగతావాళ్లు అప్పటికే వెళ్లిపోయారు, వెనకగదిలో బల్ల చుట్టూ పరిశోధన జట్టు నలుగురే ఉన్నారు. ఆమెను చూసి పెద్దిరాజు లేచి నిలబడ్డాడు.

"ఆయియే బెహన్‌జీ, బైఠియే," అని కుర్చీ చూపించాడు డాక్టరు.

ఆమె కూర్చోలేదు. "నిన్న సీసా తెచ్చి పెట్టింది నేనే," అంది నేరుగా హైమవతితో. "ఈయన చెప్పే ఉంటారు. అన్నీ మీకే చెబుతారుగా."

"చెప్పలేదమ్మా," అన్నాడు త్యాగరాజు నెమ్మదిగా. "ఇంట్ల ఉండబుద్ధి అయితలేదని చెప్పిండు. మీ పేరు ఎత్తలే."

కమలాకుమారి పెద్దిరాజు వైపు ఒకసారి చూసి, మళ్లీ హైమవతి వైపు తిరిగింది. 

"మానినవాడికి ఏం కావాలని అడుగుతున్నారు మీరు. బాగుంది. మానినవాడి ఇంట్లో మనిషికి ఏమవుతుందో అడిగారా? ఇన్నేళ్లూ ఎప్పుడు పడతాడా అని చూడటమే నా బతుకు. ఇప్పుడాయన లేచి నడిచిపోతున్నాడు. నేనక్కడే చేతులు చాపుకుని నిలబడి ఉన్నాను. మీ ముగ్గురి మీదా అసూయతో చచ్చిపోతున్నాను. చుట్టుపక్కలవాళ్లు నోములు పండాయంటున్నారు."

ఆమె మాటలను హైమవతి డాక్టరుకి హిందీలో చెప్పింది. అతను కలం తీశాడు. "ఇది కూడా ప్రశ్నల్లో చేర్చాలి," అన్నాడు.

"ఇప్పుడే రాయొద్దనండి," అంది కమలాకుమారి. "మీరు కూర్చుని రాసే ప్రశ్న కాదది. మాలాంటి ఆడవాళ్లని పిలవండి. మమ్మల్నే ఒక గదిలో కూర్చోనివ్వండి. మీకేం చెప్పాలో, ఏం చెప్పకూడదో మేం తేల్చుకుంటాం."

డాక్టరు కలం మూత పెట్టాడు. "ఠీక్ హై," అన్నాడు.

పెద్దిరాజు ఆమెతో బయటికి వచ్చి వేపచెట్ల కింద నడిచాడు. బస్‌స్టాపు దగ్గరికి వచ్చాక, "వాళ్లెవరూ దాన్ని చూడలేదు కమలా. అందుకే చెప్పగలిగేను," అన్నాడు. "నీ ముందు ఆ పేరు ఎత్తితే నువ్వు నావైపు చూస్తావు. ఆ చూపుకి భయం నాకు."

"చూస్తాను మరి," అంది ఆమె. "చూడకుండా ఎలా ఉంటాను? అయినా చెప్పాలి మీరు."

అతను చెప్పాడు. బస్సులు రెండు వచ్చి వెళ్లాయి. క్యాంటీన్లో ఆ పూట ఎందుకు లేవలేకపోయాడో, ఇంటికి వస్తూ దారిలో ఎన్నిసార్లు వెనక్కి తిరిగాడో. ఆమె చూస్తూనే వింది. క్షమించానని అనలేదు, అనాలని కూడా అనిపించలేదు. కానీ బస్సులో అతని పక్కనే కూర్చుంది.

వానలు వెనకబట్టేసరికి ఆ బంగళాలో ముందుగది ఆడవాళ్లకిచ్చారు. మొదట ముగ్గురే వచ్చారు, తర్వాత కుర్చీలు చాలలేదు. వాళ్లు ఒప్పుకున్న సంగతులే హైమవతి పరిశోధనలోకి వెళ్లేవి. కొన్నిటికి కమలాకుమారే అడ్డం తిరిగేది.

ఒక సాయంత్రం తలుపు తెరుచుకుని ఆడవాళ్లు నవ్వుకుంటూ బయటికి వచ్చారు. వరండాలో పెద్దిరాజు నిలబడి ఉన్నాడు.

"ఇంతసేపు ఏం మాట్లాడుకుంటారే లోపల?"

"అవి మావండీ."

"నా గురించేనా?"

"మీ గురించీ ఉంటాయి."

"నాకు చెప్పొచ్చుగా."

అతని ముఖం చిన్నబోవడం ఆమె చూసింది. ఎక్కడో లోపల తియ్యగా అనిపించింది. కాస్త జాలి కూడా వేసింది. అయినా చెప్పలేదు.