ఎడమ చెయ్యి

బడిలో కొత్త పద్ధతి వచ్చిన దగ్గర్నుంచి సైన్సు టీచరు రుమ్యానాకు ఒళ్ళు మండుతూనే ఉంది. టీచరు పాఠం చెప్పకూడదట. పిల్లలే ప్రశ్నలడగాలట, టీచరు పక్కన నిలబడి దారి చూపాలట. బల్లలన్నీ గుండ్రంగా తిప్పించారు. సగంమందికి బోర్డు వీపు వెనకే.

పైగా దానూబు నది ఒడ్డున వీదిన్ ఊళ్ళోని ఆ బడికి ఈ ఏడు పిల్లలు తగ్గారు. ఇద్దరు సైన్సు టీచర్లలో ఒక్కరినే ఉంచుతారు. ఎవరన్నది ఇన్‌స్పెక్టరు ముందు చెప్పే పాఠమే తేలుస్తుంది. రెండో టీచరు పెన్కో పాఠం బుధవారమే అయిపోయింది.

"వాళ్ళ మానాన వాళ్ళని వదిలెయ్యి రుమీ, వాళ్ళే అడుగుతారు," అన్నాడతను బానిత్స రొట్టె నములుతూ.

"వదిలేస్తే కిటికీలోంచి దూకుతారు. నీకేం, గట్టున కూర్చుని ఎన్నయినా చెప్తావు!"

ఆమె పాత ఉపాయాన్నే నమ్ముకుంది. నలుగురు తెలివైన పిల్లలకు తలా ఒక ప్రశ్న బట్టీ పట్టించింది. "రేపు అందరూ చెయ్యెత్తాలి. ప్రశ్న వచ్చినవాళ్ళు కుడి, రానివాళ్ళు ఎడమ. కుడివాళ్ళనే లేపుతా. తెలిసిందా?"

వాళ్ళ అమ్మమ్మల కాలం నుంచీ నడుస్తున్నదే కాబట్టి పిల్లలెవరూ ఆశ్చర్యపోలేదు.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు దిమ్చెవ్ వచ్చాడు. గుండ్రంలో వెనక వరస ఎక్కడుంటుంది? పిల్లల మధ్యే ఇరుక్కుని కూర్చున్నాడు. పాఠం, దానూబులో ఓడలు తేలడం. చేతులన్నీ లేచాయి. కుడి చెయ్యెత్తిన కలీనా నిలబడి, టీచరమ్మ కేసి చూస్తూ బట్టీ పట్టింది ఒప్పజెప్పింది.

"నీటి ఉత్ప్లవన బలం ఏయే అంశాలపై ఆధారపడుతుంది, గోస్పొజో?"

ఇన్‌స్పెక్టరు దగ్గి, తన పక్కనున్న పిల్లని చూపించాడు. "ఆ ఎడమ చెయ్యి పాపని లేపండి, గోస్పొజో. చిన్నప్పుడు నేనూ ఎప్పుడూ ఎడమ చెయ్యే."

యొవానా బెదురుతూ లేచింది. "మేకు మునుగుతుంది కదా. మరి ఓడంతా ఇనుమేగా, అదెందుకు మునగదు?"

జవాబు రుమ్యానా నాలిక చివరే ఉంది. పళ్ళ బిగువున ఆపుకుంది. "నీకేమనిపిస్తోంది?"

అంతే, పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి అరవసాగారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

బయటికొచ్చాక ఇన్‌స్పెక్టరు అన్నాడు. "పెన్కోగారి క్లాసులో చేతులన్నీ కుడివే, ప్రశ్నలన్నీ బట్టీవే. ఒక్కడికీ ఒక్క అనుమానమూ లేదు. మీరే ఉండండి."

ఉద్యోగం నిలిచినందుకు సంతోషించాలో, ఇన్నాళ్ళూ ఆ పిల్లని లేపనందుకు ఏడవాలో రుమ్యానాకు తోచలేదు. సిగ్గు మాత్రం బాగానే వేసింది.

సోమవారం ఆమె క్లాసులో అడుగుపెట్టగానే కలీనాతో సహా అందరూ ఎడమ చెయ్యే ఎత్తారు.

"ఓరి దేవుడా! ఇప్పుడు రానిదెవరికి?"

"అందరికీ, గోస్పొజో!"