చెంచయ్య తలకిందుల బొమ్మ

స్టేజీకి బల్లలు అడగాలి. మైకుకి పోలీస్ స్టేషన్లో పర్మిషన్ తెచ్చుకోవాలి. పోస్టర్లు అతికించడానికి మైదా ఉడికించి జిగురు చెయ్యాలి. ప్రేమ్‌చంద్ ఆగకుండా ఎనిమిది చుట్లు తలమీద తిరగడం నేర్చుకోవాలి. అన్నిటికంటే ముందు కోటేశ్వరి దగ్గరికెళ్ళి, పోయిన ఆమె మొగుడు చెంచయ్య ఫొటో తెచ్చుకోవాలి.

చిలకలూరిపేటలో బోర్డులు రాసే ముస్తాక్, ఇంట్లో మొదటి డిగ్రీవాడు, ఈ పనులన్నీ నెత్తినేసుకున్నాడు. అది రెండువేల నాలుగు. టీవీలో హిప్ హాప్ డాన్సులు చూసి చూసి అతనికీ, స్నేహితుడు ప్రేమ్‌చంద్‌కీ పిచ్చి పట్టింది. అమెరికాలో నల్లవాళ్ళు తమ పేటల్లో గోడలమీద బొమ్మలేసి, పాటతోనే అన్యాయాన్ని నిలదీశారని చదివాక, మన గోడలకేం తక్కువ అనుకున్నాడు ముస్తాక్.

చెంచయ్య మిరపచేలల్లో పురుగుమందు కొట్టే కూలీ. మూతికి తువ్వాలు చుట్టుకుని, బకెట్లో మందు ఉత్త చేత్తోనే కలిపి, ఎండలో కొట్టీ కొట్టీ గట్టుమీదే నురగలు కక్కి పోయాడు. అలాంటి కూలీలకి మాస్కులు, చేతితొడుగులు కొనడానికే ఈ డాన్సు ప్రోగ్రాం.

ఫొటో ఇస్తూ కోటేశ్వరి ఒక్కటే అడిగింది.

"మా ఆయన ఎట్టా పోయాడో ఆ పోస్టరుమీద రాయి తమ్ముడూ. సారా తాగి పోయాడంటన్నారు ఊళ్ళో."

"పెద్దక్షరాలతో రాస్తానక్కా."

వారం కూర్చుని పోస్టరు బొమ్మ వేశాడు. వీపున స్ప్రేయరు డబ్బాతో, ఒంటిచేతి మీద తలకిందులుగా లేచి నవ్వుతున్న చెంచయ్య. గొట్టంలోంచి రంగురంగుల అక్షరాలు ఒకదాని భుజమెక్కి ఒకటి చిమ్ముతున్నాయి: 'పురుగుమందు నా ఊపిరి తీసింది. మాస్కు లేకుండా కొట్టొద్దు.'

అచ్చు వేయిస్తానని పురుగుమందుల షాపు బాపయ్య ముందుకొచ్చాడు. "గుంటూరు ప్రెస్సోళ్ళు మనోళ్ళే, నేనే పట్టుకెళ్తాలే అబ్బాయ్" అన్నాడు. ముస్తాక్ బొమ్మ ఇచ్చి దండం కూడా పెట్టాడు.

మూడోరోజు అతనికి చెప్పకుండానే పోస్టర్లు గోడలెక్కాయి. పైన చేతులు జోడించిన బాపయ్య, గుమ్మడికాయంత మొహంతో. చెంచయ్య నవ్వు చెక్కుచెదరలేదు. గొట్టంలోంచి మాత్రం వేరే మాటలు చిమ్ముతున్నాయి: 'పురుగుకి దడ! పంటకి దరువు! మా షాపులోనే కొనండి.'

షాపు ముందు ఇద్దరు కూలీలు. "గంతులేసే బొమ్మ మందుందే, అదియ్యండి" అంటున్నారు. కంపెనీల పోస్టర్లలో ఎప్పుడూ గంతులేసే మనుషులే ఉంటారు మరి. ఇదీ అదే అనుకున్నారు.

"ఏందండీ ఇది?" అని బాపయ్యని నిలదీశాడు ముస్తాక్.

"మాస్కులకి చందా ఇస్తన్నాగా! నా అచ్చుతో నన్నే తిట్టించుకోమంటావేందిరా? కింద చూడు, నీ పేరు కూడా ఏయించా."

చూశాడు. 'చిత్రం: ముస్తాక్, బి.ఏ.' తిన్నగా కాలవదాకా నడిచాడు. కాలవగట్టున కూర్చుని కక్కేశాడు. నోరెన్నిసార్లు పుక్కిలించినా ఆ చేదు పోలేదు.

"పోనీలేరా, జనమైతే వస్తారుగా" అన్నాడు ప్రేమ్‌చంద్.

"థూ! నువ్వు తలమీద తిరుగు. నేను తలెత్తుకుని తిరగలేను."

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కోటేశ్వరి. చదువు రాదు. గోడమీది పోస్టరు జాగ్రత్తగా ఒలిచి తెచ్చుకుంది.

"మొహం అచ్చం ఆయనదే తమ్ముడూ. రాసింది కూడా చదివి పెట్టు."

ముస్తాక్ ఉన్నది ఉన్నట్టు చదివాడు. ఆమె ఏడవలేదు. కాగితం మడిచి అతని చేతిలో పెట్టి, "ఇంకెవరికీ ఏమీ ఇవ్వను" అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే అతను నల్లరంగు డబ్బాతో బజారంతా తిరిగి, పోస్టరు పోస్టరుకీ అడ్డంగా తను మొదట రాసిన మాటే రాశాడు. తెల్లారేసరికి బాపయ్య వాటిమీద కొత్తవి అతికించాడు. ప్రోగ్రాం జరిగింది. బాపయ్యకి శాలువా కప్పారు.

ఆ మాట గోడమీద నిలవలేదు కనక ఇక్కడ రాయాల్సి వచ్చింది. చెంచయ్య సారా తాగి పోలేదు, పురుగుమందు కొడుతూ పోయాడు. చదివినవాళ్ళు ఆ మనిషిని అలాగే గుర్తుపెట్టుకోండి.