ఆరుగురు దాతల కుర్చీ

తనిఖీ అధికారిణి వృద్ధాశ్రమంలో అడుగుపెట్టేసరికి చక్రాల కుర్చీ వరండాలో నిగనిగలాడుతూ సిద్ధంగా ఉంది. సీటుకి చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా ఊడలేదు. దాత ఎవరో కాదు, ఆమె సొంత పెదనాన్నే. ఆయన చేతికి ఎముక లేదని చుట్టాలంతా అంటారు. ఆ మాట ముందుగా అందించేది ఆయనేననుకోండి, అది వేరే సంగతి. కోడిగుడ్డు మీద ఈకలు పీకకుండా ఈ సంస్థకి లైసెన్సు కొనసాగించమని పొద్దున్నే ఫోన్ కూడా చేశాడు.

ఫారం అడిగేదల్లా ఒక్కటే: దానంగా వచ్చిన వస్తువు ఆశ్రమంలో ఉన్నదా? ఉంది. టిక్కు పెడితే పని అయిపోయినట్టే. దాన్ని ఎవరైనా వాడుతున్నారా అనే గడి నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఆ ఫారం తయారుచేసిన మహానుభావులకి ఆ అనుమానమే రాలేదు కాబోలు.

కుర్చీ వెనక దాత పేరున్న స్టిక్కరు అంచు లేచి ఉంది. ఆమె గోటితో గీకింది. పెదనాన్న పేరు కింద మరో దాత పేరు, దాని కింద ఇంకొకటి. మొత్తం ఆరు. ఆరుగురికీ ఈ ఒక్క కుర్చీనే చూపించారన్నమాట. పైన పటారం, లోన లొటారం.

ఫోటో దిగాక ఏ దాతా మళ్లీ ఈ గుమ్మం తొక్కడని, కుర్చీ మాసిపోతే తర్వాతి దాతకి బాగుండదని మేనేజరు చెప్పుకొచ్చాడు.

"మీ పెదనాన్నగారికీ తెలుసండీ. ఫోటో బాగా రావాలి, అంతే అన్నారు."

పెదనాన్న తన హాల్లో పటం కట్టించుకున్న ఫోటో ఆమెకి గుర్తొచ్చింది: ఇదే కుర్చీలో చేతులు జోడించి నవ్వుతున్న ముసలమ్మ, పక్కన ఆయన.

ఫోటోలోని ముసలమ్మ లోపల గదిలో మంచానికి అతుక్కుపోయి ఉంది. నడుము పడిపోయిన మనిషి. ఫోటో రోజున తప్ప ఎండ మొహం చూడదట. అధికారిణి కవరు పరపరా చింపి పారేసింది. ఆయా సాయంతో ముసలమ్మని కూర్చోబెట్టి, బయట ఎండలోకి తోసుకెళ్లింది.

ముసలమ్మ గబగబా జుట్టు సర్దుకుంది. రెండు చేతులూ జోడించి, ఎదురుగా ఎవరూ లేకపోయినా, నవ్వుమొహం పెట్టి అలాగే ఉండిపోయింది.

"చేతులు దించు అమ్మమ్మా, ఇక్కడెవరూ లేరు."

"ఫోటో అయిపోయిందా తల్లీ? అయితే నన్ను దింపెయ్యి. సీటు మాసిందంటే తిడతారు."

అధికారిణి టిక్కు పెట్టలేదు. గడి లేదు కాబట్టి కాగితం అంచునే రాసింది: కుర్చీ ఉంది, కూర్చోనివ్వరు, లైసెన్సు ఇవ్వరాదు. ఆమె సంతకం పెట్టడం అయిపోయినా ముసలమ్మ చేతులు దించలేదు.