ఒక్కొక్కరే రండి

చెప్పులు కుట్టే షెడ్డులో మేనేజరు బెంచీలన్నీ గోడవైపు తిప్పించిన రోజు ముసలి కుట్టుపనివాడు ఒక్కడే అడ్డం తిరిగాడు. అందరూ ఆయన్ని తాత అంటారు.

"సూది వేల్లో దిగితే నాకంటే ముందు అరిచేది ఎదుట కూర్చున్న మనిషి. గోడ అరుస్తుందా?"

కాపలావాళ్లు బెంచీతో సహా తాతను ఎత్తి, సామాను దింపినట్టు గేటు బయట దింపారు. షెడ్డంతా చూసింది.

"మార్పు మొదట్లో కష్టంగానే ఉంటుంది," అన్నాడు మేనేజరు. "అనుమానాలుంటే నా గదికి ఒక్కొక్కరే రండి. మనసు విప్పి మాట్లాడుకుందాం."

బేరాలక్కకు ఆ మాట మింగుడు పడలేదు. షెడ్డులో చేరకముందు ఆమె వీధుల్లో కూరగాయలు అమ్మింది. కొనేవాడు అమ్మేవాళ్లను విడివిడిగా పక్కకు పిలిచాడంటే ధర పడగొట్టడానికేనని ఆమెకు తెలుసు.

తాతను లోపలికి తెచ్చేదాకా పని ఆపుదామని కుళాయి దగ్గర అందరూ అనుకున్నారు. ఆ మధ్యాహ్నమే మేనేజరు పిలుపులు మొదలుపెట్టాడు. మొదట పిలిచింది బేరాలక్క వదినను. ఆమె చాలాసేపటికి బయటికొచ్చింది.

"ఏమడిగాడు వదినా?"

"ఏమీ లేదు. టీ ఇచ్చి, పిల్లలెలా ఉన్నారన్నాడు."

"అంతసేపూ పిల్లల గురించేనా?"

"అంతేనంటున్నాగా. నమ్మకపోతే నీ ఇష్టం."

బేరాలక్క నమ్మలేదు. తర్వాత తోలు కోసే బాబాయి వెళ్లొచ్చాడు. ఆయనా ఏమీ లేదన్నాడు. అమ్ముడుపోయినవాడు మాత్రం ఇంకేమంటాడు? కుళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి. పని ఆపుదామన్న మాట ఎవరూ ఎత్తలేదు.

చివరికి బేరాలక్క వంతు వచ్చింది. టీ ఇచ్చి, అమ్మ మోకాళ్ల నొప్పి సంగతి అడిగాడు మేనేజరు. ఆమె లేవబోతే, "తొందరేముంది, కూర్చోండి," అని గడియారం చూసుకున్నాడు.

బయటికి రాగానే సుత్తులన్నీ ఆగాయి. వదిన ముఖం తిప్పేసుకుంది. అప్పుడు తెలిసింది బేరాలక్కకు అసలు బేరం. గదిలో వాడు కొన్నదేమీ లేదు. మనిషికో గ్లాసు టీ పోసి, బయటున్న షెడ్డు మొత్తాన్ని కొనేశాడు.

నేరుగా వదిన దగ్గరికి వెళ్లింది. "నాకూ టీయే ఇచ్చాడు వదినా."

"ఇప్పుడు నేను నిన్ను నమ్మాలా?"

"నమ్మొద్దు. ఈసారి ఎవర్ని పిలిచినా అందరం పోదాం. నీ చెవులతో నువ్వే విను."

"అంతమందికి టీ ఎక్కడ తెస్తాడు?" అన్నాడు బాబాయి. చాలా రోజులకు షెడ్డు నవ్వింది.

మర్నాడు బాబాయికి మళ్లీ పిలుపొచ్చింది. షెడ్డంతా లేచింది. గది నిండి, మిగిలినవాళ్లు గుమ్మంలో, కిటికీల దగ్గర నిలబడ్డారు.

"ఒక్కడినే కదా పిలిచాను," అన్నాడు మేనేజరు.

"మేం వినకూడని మాటేదో ఉందా?" అంది వదిన. "ఉంటే ముందు అదే చెప్పండి."

మేనేజరు ఫోను అందుకున్నాడు. వాళ్లు అతన్నలా వదిలేసి గేటు తీశారు. రోజూ బయటే కూర్చుంటున్న తాతనూ బెంచీనీ లోపలికి మోసుకొచ్చారు.

కాసేపటికి పోలీసు బండి వచ్చింది. "దీనికంతటికీ మొదలెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ ఒక్కరూ ఎక్కండి, స్టేషన్లో మాట్లాడుకుందాం."

బేరాలక్క అడుగు ముందుకు వేసింది. వదిన ఆమె రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

"అందరం వస్తాం సార్. మీ బండి చాలదు, ఇంకో రెండు తెప్పించండి," అంది వదిన. "అవి వచ్చేలోపు మేం బెంచీలు తిప్పుకుంటాం."