ఈత రాని పడవవాడు

నేను రాసిన నవల గుమ్మడికాయంత బరువు. అందులో నాయకుడు మా నాన్న. బతికినన్నాళ్లూ రేవులో పడవ నడిపాడు. నా నవలలో మాత్రం, వరదకు పడవ బద్దలైతే జనాన్నంతా వీపున ఎక్కించుకుని ఈదాడు. దారిలో కొట్టుకొచ్చిన పులిని తోక పట్టుకుని ఒడ్డుకు లాగాడు. ఆ పులి దణ్ణం పెట్టి వెళ్లిందని కూడా రాద్దామనుకున్నాను గానీ, అతిశయోక్తులు నాకు గిట్టవు.

అచ్చుకిచ్చే ముందు అక్కకు చదివి వినిపించాను. అక్క బట్టలు కుడుతుంది. మాట మనసుకు తగిలితే ఆమె కుట్టుమిషను ఆగుతుంది, లేకపోతే గడగడా నడుస్తూనే ఉంటుంది. వరద ముంచుకొచ్చింది, ఆగలేదు. పులి వచ్చింది, ఆగలేదు. కథ చివర్లో నాన్న పోయినప్పుడు ఆగింది. దారం తెగిందట.

"ఎలా ఉందక్కా?"

"నిజం చెబితే అలగవు కదా?"

"నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?"

"అయితే విను. ఇందులో నాన్న లేడురా. ఎవడో వస్తాదు ఉన్నాడు. నాన్నకి అసలు ఈతే రాదు కదరా సన్నాసీ!"

"ఊరుకో అక్కా. ఈత రాని పడవవాడి కథ ఎవరు చదువుతారు?"

"నేను." కత్తెర పక్కన పెట్టింది. "ఒక్క ఫోటో అయినా లేదు. ఈమధ్య నాన్న మొహం తలుచుకుంటే మసకమసగ్గా వస్తోందిరా. నీ పుస్తకంలోనైనా కనబడతాడనుకున్నా. పులి కనబడింది."

అలగనన్నాను గానీ, అలిగే ఇంటికొచ్చాను. రెండు పూటలు కాగితాల వైపు చూడలేదు. తర్వాత కూర్చుని వరదను కొట్టేశాను, ఈతను కొట్టేశాను. పులి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఇంతకీ ఈ పులి నాకెక్కడిది?

నాన్నదే! నడి ఏట్లో గాలి లేచి జనం బిక్కచచ్చినప్పుడల్లా, "నిన్న ఇక్కడే ఓ పులి పడవెక్కింది. ముందు కూర్చుంటానని ఒకటే పేచీ" అని ఎత్తుకునేవాడు. జనం పగలబడి నవ్వేవారు. ఆ నవ్వుల్లో ఆయన మోకాళ్లు వణకడం వాళ్లకు కనబడేది కాదు.

పులిని నాన్న నోట్లో పెట్టి, మళ్లీ అక్క ముందు కూర్చున్నాను. మిషను నడుస్తోంది. గాలి లేచింది, నడుస్తోంది. పులి పేచీ పెట్టింది, కాస్త మెల్లబడింది. మోకాళ్ల దగ్గర ఆగిపోయింది. దారం చూశాను. తెగలేదు.

"ఆ మోకాళ్లు పట్టుకుని నేనే కూర్చునేదాన్నిరా," అంది అక్క. "కిందనుంచి చూస్తుంటే... ఆగు, ఆగు. నవ్వించేవాడు గానీ తను నవ్వేవాడు కాదు. కింది పెదవి కొరుక్కునేవాడు. గడ్డం కింద చిన్న గంటు." కళ్లు మూసుకుంది. "వస్తున్నాడురా. చదవడం ఆపి రాసుకో."

కలం తీశాను.

"పులిని మాత్రం తీసెయ్యకు," అంది కళ్లు తెరవకుండానే.