మెడలో బిళ్ల

గేటు తీసిన చప్పుడుకీ బాత్రూం గడియ పడిన చప్పుడుకీ మధ్య ఒక్క దగ్గు దగ్గేంత వ్యవధి కూడా ఉండదు. ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చిన ఆమె చెప్పులు విప్పదు, భుజం మీది సంచీ దించదు, ఎదురుగా ఎవరున్నారో చూడదు. వరండాలో కూర్చుని ఆకుకూర బాగుచేస్తున్న అత్తగారు రోజూ అనే మాటే ఆ రోజూ అంది.

"ఇంటికొచ్చిన మనిషి ఎక్కడైనా ముందు ముఖం చూపిస్తుందమ్మా. మా కోడలు వీపు చూపిస్తుంది."

లోపల ఆమె గోడకి చెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. పొద్దున్నుంచి బిగబట్టిన నొప్పి అంత తేలిగ్గా వదలదు, కాసేపు బతిమాలుకోవాలి. కిందటిసారి డాక్టరమ్మ చెడామడా తిట్టింది. "నీళ్లు తాగమ్మా, నీళ్లు! కిడ్నీలేమైనా అద్దెకి తెచ్చుకున్నావా?" తాగితే వెళ్లాలి, వెళ్లాలంటే బిళ్ల కావాలి అని ఆవిడకి ఎలా చెప్పడం? చెప్తే నమ్మదు. నమ్మితే ఇంకా సిగ్గు.

ఆమె పనిచేసేది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో. అక్కడ మిషన్లు వరుసలుగా ఉంటాయి, ఒక్కో వరుసనీ లైను అంటారు. ఒకామె చేతులు కుడుతుంది, పక్కామె జేబు, ఆ పక్కామె కాలరు. అలా ఒడి నుంచి ఒడికి మారుతూ బొత్తాల దగ్గరికి చేరేసరికి ఆ గుడ్డముక్కలు చొక్కా అవుతాయి. ఈమె కాలర్లు అతుకుతుంది కాబట్టి చిన్నపిల్లలంతా కాలరక్క అంటారు. లైను మీద పెత్తనం చేసే సూపర్‌వైజరుకి నోట్లోంచి మాటకంటే ముందు ఈల వస్తుంది కాబట్టి ఆయన వెనకాల అందరికీ ఈలాయనే. ఈలాయన బల్ల పక్కన గోడకి మేకు, మేకుకి తాడు, తాడుకి అరచెయ్యంత చెక్కబిళ్ల. బాత్రూంకి వెళ్లాలంటే దాన్ని మెడలో వేసుకుని అందరి ముందు నుంచీ నడిచి వెళ్లాలి. లైనంతటికీ ఒకటే బిళ్ల. వేసుకెళ్లిన మనిషి తిరిగొచ్చేదాకా మిగతావాళ్లు కాళ్లు ముడుచుకుని కుట్టుకుంటూ ఉండాలి.

చిత్రమేమిటంటే, ఇన్నేళ్లలో ఆడవాళ్లు ఆ బిళ్ల తగిలించినవాళ్ల మీద ఏనాడూ కోప్పడలేదు. మెడలో వేసుకెళ్లినామె మీద కోప్పడ్డారు. "లోపల కాపురం పెట్టిందా ఏంటి?" అని ఒకామె. "ఇందాకే కదే వెళ్లావు, కుళాయి ఏమైనా బిగించుకున్నావా?" అని ఇంకొకామె. లెక్కకి చొక్కాలు తగ్గితే లైనంతా ఆగి కుట్టాలి గనక, ఈలాయన చెయ్యాల్సిన కాపలా వీళ్లే చేసిపెట్టేవారు. ఆయన కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఈల వేసుకుంటే సరిపోయేది.

ఆ కాపలా ఆ రోజు మధ్యాహ్నం తెగింది.

లైను చివర బొత్తాలు కుట్టే పిల్ల ఒకతి ఉంది. గువ్వలా ముడుచుకు కూర్చుంటుందని అందరూ గువ్వ అనే పిలుస్తారు. ఆ పిల్ల మిషన్ ఆపి, దుపట్టా నడుముకి చుట్టుకుని, మేకు దగ్గరికి వెళ్లింది. బిళ్ల లేదు, ఎవరో వేసుకెళ్లారు. కాసేపు నిలబడి, ఇక లాభం లేదని ఉత్త మెడతోనే తలుపు వైపు నడిచింది. ఈల మోగింది.

"బిళ్లేది?"

"సార్, అర్జెంటు సార్. బట్టలు పాడవుతాయి."

ఈలాయన ఆమె నడుముకి చుట్టుకున్న దుపట్టా వైపు చూశాడు. అర్థమైంది. అర్థమై కూడా, లైనంతా వినేలా అన్నాడు. "ఇంత గుడ్డ మధ్య కూర్చుని బట్టలకేం కరువు? ఓ పేలిక చుట్టుకుని కూర్చో."

గువ్వ ఆయన్ని తోసుకుని వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల కుర్చీ లేదు. సూపర్‌వైజరు మీద చెయ్యి వేసింది గనక రేపటినుంచి రానక్కర్లేదన్నారు. పిల్ల ఏడవలేదు. అందరి ముఖాలూ ఒకసారి చూసి వెళ్లిపోయింది. ఆ చూపే కాలరక్కతో పాటు ఇంటిదాకా వచ్చింది. మనిషి మాయమైతే లైను కాసేపు తడబడుతుంది, అంతే. సాయంత్రానికి ఇంకెవరో బొత్తాలు కుట్టారు.

ఇంట్లో ముందు గది నిండా మగవాళ్లు. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు, అక్కడి యూనియన్‌కి సెక్రటరీ. పెళ్లయిన కొత్తలో ఆయన మాట్లాడుతుంటే తలుపు వెనక నిలబడి గర్వపడేది. మనిషికి పని ఎంత ముఖ్యమో విశ్రాంతి అంత ముఖ్యమని ఆయన బల్ల గుద్ది చెప్పినప్పుడు ఆమె చేతిలో టీ గ్లాసుల పళ్లెం ఉండేది. ఇప్పటికీ ఉంది. గర్వమే, కడిగీ కడిగీ పూలు చెరిగిపోయిన పళ్లెంలా అయింది. ఆయన చెప్పే పనిగంటల్లో ఈ గ్లాసులు కడిగే గంట దేని కిందికి వస్తుందో అడగాలని చాలాసార్లు అనుకుంది. "వదినా, చక్కెర తగ్గింది" అని ఎవరో ఒకరు అనడంతో అడగాల్సిన మాట వంటింట్లోకే వెనక్కి వెళ్లేది. కానీ చెవులు పళ్లెం పట్టుకోవు కదా. మెమో అంటే ఏమిటి, నోటీసుకి ఎలా జవాబివ్వాలి, ఏ కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలి, అన్నీ పొయ్యి దగ్గర నిలబడే నేర్చుకుంది. "ఒక్కడు పని ఆపితే వాడికి మెమో వస్తుంది. అందరూ ఆపితే మేనేజరే వస్తాడు" అని ఆయన కుర్రాళ్లకి చెప్పేది ఆమెకి కంఠస్థం.

అందరూ వెళ్లాక గువ్వ సంగతి చెప్పింది. భర్త శ్రద్ధగానే విన్నాడు. విని, చిన్నపిల్లకి లెక్క తప్పు చూపించే మేష్టారులా నవ్వాడు.

"పాపం, అన్యాయమే. కానీ ఇది డిమాండు కాదు. జీతం, బోనసు, పనిగంటలు, ఇవీ డిమాండ్లంటే. బాత్రూం విషయం పట్టుకుని రోడ్డెక్కితే జనం నవ్వుతారు. మీరంతా ఆడవాళ్లు, ఆయనతో కాస్త మంచిగా మాట్లాడి చూడండి."

"మంచిగానే అడిగింది ఆ పిల్ల."

"తోసింది కదా. అక్కడ కేసు పోయింది," అంటూ ఆయన టవలు తీసుకుని స్నానానికి వెళ్లాడు. తీరిగ్గా చేశాడు. ఆయన్ని మెడలో ఏముందని అడిగేవాళ్లెవరూ లేరు. బయట నిలబడి నీళ్ల చప్పుడు వింటుంటే ఆమెకి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది, కాసేపటికి దిగిపోయేది. వచ్చింది ఇంకేదో, దిగేలా లేదు.

మర్నాడు మధ్యాహ్నం గుడ్డల మూటల చాటున డబ్బాలు విప్పినప్పుడు ఆమె గువ్వ ప్రస్తావన తెచ్చింది.

"మీ ఆయన్ని పిలవక్కా. యూనియన్ మనిషి కదా," అంది ఒక పిల్ల.

"యూనియన్ అంటే మా ఆయన కాదే. వాళ్ల డిపోకి వాళ్లు. మనకి మనమే అవ్వాలి."

జేబులు కుట్టే పెద్దావిడ ఒకామె ఉంది. ఆవిడ నోటికి ఈలాయన కూడా జంకుతాడు. "అయితే దానికేం కావాలే? జెండాలూ మైకులూ నావల్ల కాదు. నాకు మోకాళ్ల నొప్పులు."

"ముందు మనుషులు కావాలి పెద్దమ్మా. కాగితాలు తర్వాత. మా ఇంట్లో ఆ కాగితాల దుమ్ము దులిపేది నేనే, ఏది ఎక్కడ ఇవ్వాలో నాకు తెలుసు."

"మనుషులకేం, ఇక్కడే చచ్చేంతమందిమి ఉన్నాం. చేసేదేంటో చెప్పు."

"ఏమీ చెయ్యద్దు. వాళ్ల రూలే పాటిద్దాం. బాత్రూంకి వెళ్లాలంటే బిళ్ల కావాలి, బిళ్ల కావాలంటే మేకు దగ్గర నిలబడాలి. అందరం వెళ్లి నిలబడదాం."

పెద్దావిడ పొట్ట కదిలేలా నవ్వింది. "ఓసి నీ తెలివి తగలెయ్యా! నాకెప్పుడూ వస్తూనే ఉంటుంది. ముందు నేనే నిలబడతా."

ఈల మోగింది, మిషన్లు మొదలయ్యాయి. కాలరక్క చేతిలోని కాలరు పూర్తిచేసి, దారం తెంపి, లేచింది. మేకు వరకూ అంత దూరమని ఎప్పుడూ అనిపించలేదు. వెళ్లి బిళ్ల తీసి మెడలో వేసుకుంది, కానీ తలుపు వైపు వెళ్లలేదు, వెనక్కి చూసింది. జేబులావిడ అప్పటికే వెనక ఉంది. ఆవిడ వెనక చేతులు కుట్టేవాళ్లు, ఆ వెనక అంచులు కుట్టేవాళ్లు. మిషన్లు ఒక్కొక్కటే ఆగుతుంటే, ఆ హోరులో ఇన్నాళ్లూ వినపడని పంకాల చప్పుడు మొదటిసారి వినపడింది.

"ఏంటిది? ఏంటీ తమాషా?" ఈలాయన ఈల వెయ్యడం మర్చిపోయాడు.

"వరుసలో ఉన్నాం సార్. బిళ్ల ఒకటే కదా."

"అందరికీ ఒక్కసారే వచ్చిందా?"

"చాలా ఏళ్ల నుంచి వస్తోంది సార్," అంది జేబులావిడ. "ఇవాళ చెప్తున్నాం."

పక్క లైనువాళ్లు మెడలు చాచి చూశారు. తర్వాత వాళ్ల మేకు దగ్గర కూడా ఒక వరుస మొదలైంది. సాయంత్రానికి మేనేజరు తన గదిలోంచి దిగి వచ్చాడు. బిళ్ల తీసెయ్యాలి, గువ్వ కుర్చీ మళ్లీ వెయ్యాలి, ఇవి రెండే అన్నారు వీళ్లు. రేపు చెప్తానన్నాడు ఆయన.

ఆ రేపటి మాట ఆమెకంటే ముందే ఇంటికి చేరింది. భర్త ఆ సాయంత్రం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, ముఖం వెలిగిపోతోంది.

"మీ మేనేజరు నాకు ఫోన్ చేశాడోయ్! సెక్రటరీ గారూ అంటూ ఎంత మర్యాదో. అంతా సెటిల్ చేసేశా. లైనుకి రెండు బిళ్లలు ఇస్తారు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

"గువ్వో?"

"అది వదిలెయ్యాలి. బేరమంటే ఇచ్చిపుచ్చుకోవడమే. రెండో బిళ్ల తీసుకున్నాం, ఆ పిల్లని వదిలాం."

"ఎవరిని అడిగి వదిలారు?"

ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు. "నీ మొగుణ్ణి కాబట్టి చేశాను. లేకపోతే ఈపాటికి నీ కుర్చీ కూడా తీసేసేవాళ్లు."

"మీ డిపోలో మేనేజరు మీతో కాకుండా నాతో మాట్లాడి, మీ కుర్రాళ్లలో ఒకణ్ణి తీసేసుకోమని నేనంటే ఊరుకుంటారా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

అప్పటిదాకా వరండాలో వింటున్న అత్తగారు ఉన్నట్టుండి గొంతెత్తింది. "బిళ్లేంట్రా? దేనికిరా బిళ్ల?" ఆయన నసిగాడు. కోడలే చెప్పింది, మెడలో వేసుకుని వెళ్లాలని. ముసలావిడ కాసేపు కోడలి ముఖం చూసింది. "మేం పొలం పనికి పోతే గట్టు చాటైనా ఉండేది కదే," అంది చివరికి. "దానికీ రెండు బిళ్లలని ఒప్పుకొచ్చావా? నీ సెక్రటరీతనం పాడుగాను!" అని కొడుకుని కసిరి, విసురుగా లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదిలోకి పిలుపొచ్చింది. ఆమె ఒక్కతే వెళ్లలేదు, జేబులావిడా ఇంకో ఇద్దరూ వెంట వెళ్లారు.

"ఏంటమ్మా ఈ గుంపు? విషయం మీ ఆయనతో మాట్లాడేశాం కదా."

"ఆయన డిపోలో పనిచేస్తారండీ. ఇక్కడ కుట్టేది మేము."

"మరి నేను ఎవరితో మాట్లాడాలి? మీకు యూనియనే లేదు."

"మొన్నటిదాకా లేదండీ."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఏ కాగితాలు ఎక్కడ ఇవ్వబోతున్నారో ఆమె ఆఫీసు పేరుతో సహా చెప్పింది. ఒక్క మాటా తప్పలేదు. అప్పటికే కింద మిషన్లు ఆగాయి. మేకుల దగ్గర వరుసలు గది కిటికీలోంచి కనిపిస్తున్నాయి. ఆ రోజు కట్టాల్సిన చొక్కాల పెట్టెలు తలుపుల దగ్గర ఖాళీగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆ రోజంతా ఒక్క బొత్తామూ పడలేదు. మర్నాడూ అంతే. జేబులావిడ మోకాళ్లకి గుడ్డ కట్టుకుని మరీ నిలబడింది. ఇంటి దగ్గర భర్త మాట్లాడటం మానేశాడు. ముందు గదిలో మీటింగు జరిగింది గానీ పళ్లెం ఎవరూ తేలేదు. అలసిపోయానని చెప్పి ఆమె పడుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం గువ్వ లోపలికి వచ్చింది. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఈలాయన మేకు మీది తాడు తీసి సొరుగులో పడేశాడు, ఎవరి వైపూ చూడకుండా. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. బాత్రూం వైపు ఉత్త మెడలతో నడిచి వెళ్లారు, నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ, బడి వదిలిన పిల్లల్లా. కాలరక్క కూజాలోంచి గ్లాసు నిండా నీళ్లు వంచుకుని నిలబడి తాగింది.

సాయంత్రం మేనేజరు మళ్లీ పిలిచాడు. ఈసారి నవ్వుతూ మాట్లాడాడు.

"నువ్వు పనిమంతురాలివమ్మా. ఒకే చోట ఎన్నాళ్లని కుడతావు? రేపటినుంచి నిన్ను మిషన్ల హాలు కింది అంతస్తులో ప్యాకింగులోకి మారుస్తున్నాం. జీతంలో తేడా ఏమీ లేదు."

ఆమెకి తెలుసు. కింద అంటే కిటికీల్లేని గది. రోజంతా నిలబడే పని. ఈ లైను ముఖం ఇక చూడనివ్వరు. చేతివేళ్లకి అలవాటైన కాలరు వంపు రేపటినుంచి ఉండదు. తల దించుకుని ఒక్క నిమిషం ఆలోచించింది. బతిమాలుతుందేమోనని మేనేజరు పెన్ను మూత పెట్టి ఎదురుచూశాడు.

ఆమె తల ఎత్తింది.

"అలాగే సార్," అంది. "అక్కడ ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు?"